నీలం బటన్ నొక్కమన్న టైపక్క

తప్పెవరిదని అడిగితే టైపక్క ముందు తన పేరే చెబుతుంది. ఆ మాట మాత్రం ఒప్పుకోకూడదు. గొళ్లెం బయటవైపు బిగించిన వడ్రంగిని వదిలేసి, "తలుపు వేసుకో తల్లీ" అని చెప్పినావిడను పట్టుకుంటామా? కానీ ఆమె స్వభావమే అంత. ఎవరి కాలికి ముల్లు గుచ్చుకున్నా తానే చల్లినట్టు బాధపడుతుంది.

ఊళ్లోని ఆఫీసులన్నీ కొలువుండే పాత భవనానికి ఎదురుగా, ఓ మేడ మెట్ల కింద ఆమె కొట్టు. పంతొమ్మిదో ఏట టైపు మిషను ముందు వేసుకుని అక్కడే వరండాలో కూర్చుంది. ఇప్పుడు యాభై మూడు. లారీ డ్రైవరైన భర్త నెలలో పది రోజులు ఇంటి పట్టున ఉంటే గొప్ప. మిషను పోయి కంప్యూటర్లు వచ్చాయి గానీ ఆమె పేరు మారలేదు. అందరికీ టైపక్కే.

ఆమె అసలు పని టైపు కొట్టడం కాదు, ఒకరి నోటితో మాట్లాడడం. పెన్షను కోసం వచ్చిన ముసలామెకు రాస్తే ముసలామెలా, ఫీజు మాఫీకి వచ్చిన విద్యార్థికి రాస్తే విద్యార్థిలా "నేను" అని మొదలుపెట్టేది. ఓసారి ఎదుటి భవనం వాచ్‌మన్ అత్తగారికి ప్రాణం మీదికొచ్చిందని సెలవు చీటీ రాయించుకున్నాడు. అది చదివి ఆఫీసరుగారు కళ్లు తుడుచుకుని, ఒకరోజు అడిగితే నాలుగు రోజులు ఇచ్చారు. తీరా చూస్తే వాచ్‌మన్‌కి పెళ్లే కాలేదు! ఆ తర్వాత వారం రోజులు టైపక్క వాడి మొహం చూడలేదు. పై వారం చూసి పడీ పడీ నవ్వింది.

కాగితాలు పోయి అన్నీ కంప్యూటర్లోనే నింపాల్సిన రోజులు వచ్చినప్పుడు జనానికి చేయి వణికేది. గంటన్నర కూర్చుని తనంతట తాను ఫారం నింపుకున్న ఒక పెద్దాయన చివర్లో బూడిదరంగు బటన్ నొక్కేశాడు. అది రద్దు బటన్. అంతా తుడిచిపెట్టుకుపోయింది. ఆయన తల పట్టుకుని ఏడ్చాడు. మర్నాడే టైపక్క ఒక అట్టముక్క మీద లావుపాటి అక్షరాలతో రాసి గోడకు అతికించింది: "నీలం ముందుకు. బూడిద వెనక్కు. భయపడకుండా నీలం నొక్కండి."

ఆ రోజుల్లో అది నిజమే మరి. ఆఫీసు ఫారాలన్నిట్లో పంపించే బటన్ నీలం, రద్దు బటన్ బూడిద. చదువు రానివాళ్లు కూడా ఆ సూత్రం పట్టుకుని గట్టెక్కారు. పదకొండేళ్లలో ఎన్ని వందల మందికి నేర్పిందో ఆమెకే లెక్క తెలియదు. "మా టైపక్క చెప్పింది" అని జనం ఇళ్లకు వెళ్లి అత్తలకీ ఆడబిడ్డలకీ కూడా నేర్పారు.

ఇక ఆ బ్రౌజర్ సంగతి. ఇంటర్నెట్ చూడాలంటే దాని గుండానే కదా వెళ్లాలి. ఎక్కడో పెద్ద కంపెనీ, ప్రపంచంలో సగం మంది వాడేది. తెరవగానే నవ్వుతున్న బొమ్మ ఒకటి వచ్చి, దాని కింద "మీ తర్వాతే మేము" అని కనబడేది. అబ్బో, ఎంత మర్యాద! తడిగుడ్డతో గొంతు కోసేవాళ్లకి ఎప్పుడూ మర్యాదలు ఎక్కువే. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బ్రౌజర్ నోరు పెరిగింది. కొత్తకొత్త ప్రశ్నలు మొదలయ్యాయి. మీరెక్కడున్నారో చెబుతారా, మీ పాస్‌వర్డు దాచిపెట్టమంటారా, మీరు చూసేవి గుర్తుపెట్టుకోమంటారా. ప్రతి ప్రశ్నకీ రెండు బటన్లు. కంపెనీకి లాభమైన జవాబు నిండుగా నీలం రంగులో, అరచేయంత. మనకు మేలు చేసేది బూడిదరంగులో, చీమ తలకాయంత. ఆ మార్పు టైపక్క గమనించలేదు. ఆమె సూత్రం గోడ మీద అలాగే ఉంది. ఇన్నాళ్లూ జనానికి దారి చూపిన అట్టముక్క, జీతం లేకుండా కంపెనీ కొలువు చేస్తూ ఉండిపోయింది.

టైపక్కకు ఒక చెల్లెలు, పన్నెండేళ్లు చిన్నది. ల్యాబులో రక్తం తీసే పని. సూది గుచ్చినట్టు కూడా తెలియదని రోగులు ఆమె కోసమే వరసలో నిలబడేవారు. ఆమె మొగుడు మందుల కంపెనీ ఏజెంటు. నలుగురిలో ఉంటే మాటకు తేనె పూసి మరీ మాట్లాడతాడు. ఇంటికి వచ్చి తలుపు వేశాక చెయ్యి లేస్తుంది. మొన్నటి చలికాలంలో ఆమె కుడి మణికట్టు విరిచాడు. రక్తం తీసే చెయ్యి! కట్టు విప్పిన రోజే ఆమె ఒక చేతిసంచీతో ఇల్లు వదిలింది. పోలీసు స్టేషనుకు వెళితే, "సర్దుకుపొండమ్మా, సంసారాలన్నాక" అన్నారు. అక్క ఇంట్లో ఉంటే మొదట అక్కడికే వస్తాడని, ఉద్యోగాలు చేసే ఆడవాళ్ల హాస్టల్లో ఒక మంచం తీసుకుంది. ఎక్కడుందో అక్కకు తప్ప ఎవరికీ తెలియదు. కొత్త నంబరుతో పాత బటన్ల ఫోను కొనుక్కుంది. అన్నీ జాగ్రత్తగానే చేసింది పాపం.

ఒక దారి దొరికింది. కొండ పక్క ఊళ్లో కొత్తగా పెట్టిన ల్యాబువాళ్లు, పాత యజమాని ఉత్తరం లేకపోయినా ఫరవాలేదు, పనితనం చూసి తీసుకుంటామన్నారు. పాత యజమాని ఆమె మొగుడికి జిగ్రీ దోస్తు, ఉత్తరం ఇస్తాడా? ఉత్తరం అడగనిది ఆ ఒక్క ల్యాబే. బుధవారం పదింటికి ఇంటర్వ్యూ. అది దక్కితే ఆ ఊళ్లో తన బతుకు తాను బతకవచ్చు. వాడికి ఆ ఊరి పేరు తెలియకుండా ఉంటే చాలు.

కొట్టులో మూడు కంప్యూటర్లు. రెండు జనానికి. మూడోది తెర వెనక ఉంటుంది, ప్రింట్లు తీయడానికి. ఎవరి కంటా పడకుండా చెల్లెల్ని దాని ముందే కూర్చోబెట్టింది టైపక్క. సర్టిఫికెట్లన్నీ ఆమె మెయిల్లో ఉన్నాయి. మెయిల్ తెరవగానే బ్రౌజర్ పైన ఒక పెట్టె దిగింది: "స్వాగతం! మీ వివరాలన్నీ మీ అన్ని పరికరాల్లోనూ సిద్ధంగా ఉంచుతాం." కింద నీలంలో "సరే, మొదలుపెట్టండి." దాని పక్కన బూడిదరంగులో, కంటికి ఆనీ ఆననట్టు, "ఇప్పుడు కాదు." వద్దు అనే మాటే లేదు చూడండి. ఇప్పుడు కాదుట! అంటే రేపో ఎల్లుండో మళ్లీ అడుగుతారన్నమాట.

"అక్కా, ఇదేదో అడుగుతోంది. ఏం నొక్కను?"

టైపక్క బయట ఒకరి దరఖాస్తు కొడుతూ తల తిప్పకుండానే అంది, "గోడ మీద ఏం రాసుందే?"

చెల్లెలు నీలం నొక్కింది.

మూడు మధ్యాహ్నాలు వచ్చింది. ల్యాబు ఎక్కడో చూసుకుంది, బస్సు వేళలు చూసుకుంది, ఆ ఊళ్లో గదులు చూసుకుంది. శనివారం కొత్త చెప్పులు కరిచి మడమ పొక్కితే, దానికేం రాయాలో కూడా వెతుక్కుంది. మందుల షాపులో అడగవచ్చుగా అని అక్క నవ్వితే, "షాపులో వాడి మనుషులుంటారక్కా, ఇదైతే ఎవరికీ చెప్పదుగా" అంది. ఎవరికీ చెప్పదట!

సోమవారం పొద్దున్న వాడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో బ్యాగు, మొహం నిండా నవ్వు.

"బావున్నారా వదినా? ఇటుగా వెళుతూ పలకరిద్దామని వచ్చాను."

"ఆఁ, బావున్నాను" అంది టైపక్క, కూర్చోమని మాత్రం అనలేదు.

"ఆమె ఎక్కడుందో మిమ్మల్ని అడగనులెండి. చెల్లెల్ని ఇరకాటంలో పెట్టే మనిషి కాదు మీరు, నాకు తెలియదా?" బ్యాగు భుజం మార్చుకున్నాడు. "అది సరే గానీ వదినా, చెప్పు కరిచిన చోట తగ్గిందా తనకి?"

టైపక్క వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

"నాకెలా తెలుసని చూస్తున్నారా? మొగుడూ పెళ్లాలమండీ. మనసుకు మనసు చెబుతుంది." మెట్ల దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగాడు. "బుధవారం నేను ఊళ్లో ఉండను. ఏమైనా కావాలంటే గురువారం ఫోన్ చెయ్యండి."

చెప్పు కరిచిన సంగతి ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. తానా చెప్పలేదు. చెల్లెలా చెప్పదు. ఇక మిగిలింది తెర వెనకున్న యంత్రం ఒక్కటే.

కంప్యూటర్లు బాగుచేసే మెకానిక్‌ని పిలిపించింది. ఎప్పుడు చూసినా నోట్లో స్క్రూ పెట్టుకుని పనిచేస్తాడని అతన్ని అందరూ స్క్రూ అనే అంటారు. బ్రౌజర్ మూలన శనగగింజంత గుండ్రని బొమ్మ ఉంది. టైపక్క అది అలంకారమనుకుంది. దగ్గరగా చూస్తే చెల్లెలి ఫోటో! స్క్రూ దాన్ని నొక్కి, లోపలికి, ఇంకా లోపలికి, గదుల్లాంటి అయిదు పేజీలు దాటుకుంటూ వెళ్లాడు. అక్కడ రెండు పేర్లు కనిపించాయి. ఒకటి ఈ కంప్యూటర్. రెండోది ఒక ట్యాబ్. దాని కింద: "చివరిసారి వాడినది నాలుగు నిమిషాల క్రితం."

అది చెల్లెలిదే. ల్యాబు పరీక్షలకు చదువుకోవడానికి కొనుక్కున్నది. ఇల్లు వదిలిన రోజు హడావిడిలో సొరుగులోనే వదిలేసి వచ్చింది. అందులో ఆమె మెయిల్ తెరిచే ఉంది, ఇప్పుడది వాడి చేతిలో.

"అంటే ఇక్కడ కొట్టిందల్లా..."

"అక్కడ కనబడుతుందక్కా. అక్కడ కొట్టింది ఇక్కడ కూడా." స్క్రూ వేలితో చూపించాడు. "ఇవిగో, ఇవి మనవి కావు."

ఆమె చదివింది. "భార్య ఎక్కడుందో తెలుసుకోవడం ఎలా." "కొండ పక్క ఊళ్లో ల్యాబు దగ్గర లాడ్జి." "భార్య ఇంటికి రాకపోతే చట్టం ఏమంటుంది." ప్రతిదానికీ బ్రౌజర్ ఎంతో వినయంగా జవాబులు పేర్చి పెట్టింది. లాడ్జికయితే ఫోటోలు కూడా చూపించింది.

"ఎందుకు పెట్టారు తమ్ముడూ ఇది? ఎవరడిగారని?"

"సౌకర్యం కోసమేనక్కా. ఒకచోట చూసింది ఇంకోచోట దొరుకుతుంది కదా. అదీగాక మనిషి ఇలా తన పేరుతో లోపలికి వచ్చి కూర్చుంటే ఎవరు ఏం చూస్తున్నారో కంపెనీకి తెలుస్తుంది. ప్రకటనలకి మంచి ధర వస్తుంది. అందుకే ఏ రంగు పెడితే ఎక్కువమంది నొక్కుతారో లక్షలమంది మీద పరీక్ష చేసి మరీ పెడతారు."

"ఏ రంగు నొక్కుతారో చూశారు గానీ, నొక్కాక ఏమైపోతారో చూడలేదన్నమాట."

"ఊరికే ఇస్తున్నారు కదక్కా..."

"ఎలుకల బోనులో తిండి కూడా ఊరికేనే పెడతారు, పో!" అని కసిరింది. స్క్రూ తన నోట్లోని స్క్రూ తీసి జేబులో వేసుకున్నాడు. ఆమె అంత గట్టిగా అరవడం అతను ఎప్పుడూ వినలేదు. "ఇంటికి తాళం వేయించుకోవడానికి తాళాలవాడి దగ్గరికి వెళితే, తాళంచెవి తీసుకెళ్లి ఎవడి చేతిలో పెట్టకూడదో వాడి చేతిలోనే పెట్టాడు. పైగా మీ తర్వాతే మేమట! కంచే చేను మేస్తే ఇక కాపలా ఎవరు తమ్ముడూ?"

అతను తలవంచుకుని, "ఆపేయమంటారా? ఇప్పుడే ఆపేస్తాను" అన్నాడు.

ఆమె నోటి దాకా వచ్చిన మాటను ఆపుకుంది. ఆపేస్తే? వెళ్లినవి వెనక్కి రావు. ఊరి పేరు వాడి దగ్గరుంది. ల్యాబు గుమ్మం దగ్గర బుధవారం పదింటికి ఇస్త్రీ చొక్కాతో నవ్వుతూ నిలబడతాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

"ఉంచు" అంది. "దేన్నీ ముట్టుకోకు."

సాయంత్రం చెల్లెలికి ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"మానేస్తానక్కా" అంది చెల్లెలు. "నా రాత ఇంతే."

"నోర్ముయ్. నీ పెట్టె సర్దుకో. నువ్వు ఇంటర్వ్యూకి వెళ్లు. వాణ్ని నేను ఇంకో ఊరికి పంపిస్తాను."

"నువ్వా? అబద్ధం ఆడితే నీ మొహంలో తెలిసిపోతుందక్కా!"

"మొహంతో ఎవరు ఆడతారే? వేళ్లతో ఆడతాను."

మంగళవారం పొద్దున్న కొట్టు తెరవకముందే తెర వెనక కూర్చుంది. ముప్ఫై నాలుగేళ్లుగా ఎవరెవరి కోసమో "నేను" అని రాసిన మనిషి, ఈసారి తన చెల్లెలైంది. తొందరపడలేదు. చెల్లెలు భయపడితే ముందు ఏం వెతుకుతుంది? కొట్టింది: "ఇంటర్వ్యూకి వెళ్లకపోతే మళ్లీ పిలుస్తారా." కాసేపు ఆగింది. చెల్లెలు ఇక్కడ గోళ్లు కొరుక్కుంటుంది. తర్వాత: "రేవు పట్నంలో ల్యాబు ఉద్యోగాలు." రెండు మూడు చూసి, పెద్ద ఆస్పత్రి వెనకున్న ఒకదాని దగ్గర ఆగింది. తర్వాత బస్సు. చెల్లెలికి బస్సులో వాంతులు, కాబట్టి: "బస్సులో కడుపు తిప్పకుండా ఏం చేయాలి." అది కొడుతూ ఏడ్చింది. చిన్నప్పుడు బస్సులో ఆ పిల్లని ఒళ్లో పెట్టుకున్నది తనే. ఆ బెంగ తీసుకెళ్లి ఇప్పుడు వాడికి ఎరగా వేస్తోంది.

మధ్యాహ్నం మూడింటికి అటు నుంచి జవాబు పడింది. ఆమెకు కాదు, బ్రౌజర్‌కి. "రేవు పట్నం మొదటి బస్సు." "పెద్ద ఆస్పత్రి దగ్గర లాడ్జి."

వాడూ నీలమే నొక్కి ఉంటాడు. తన వెతుకులాట కూడా ఇటు కనబడుతోందని వాడికి మాత్రం ఏం తెలుసు?

బుధవారం వాడు సముద్రం ఒడ్డున ఒక ఆస్పత్రి వెనక సందులో నిలబడ్డాడు. ఆ సమయానికి, అక్కడికి నూటయాభై మైళ్ల దూరంలో, చెల్లెలు ఒక పెద్దమనిషి మోచేతి దగ్గర నరం వెతికి పట్టుకుంది. "అయిపోయిందా? ఎప్పుడు గుచ్చావమ్మా?" అన్నాడట ఆయన. ఉద్యోగం ఇచ్చారు.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బావుండేది! గురువారం మళ్లీ ట్యాబ్‌లో పడింది: "కొండ పక్క ఊరి బస్సు." వాడికి అనుమానం మొదలైంది. టైపక్క వెంటనే కూర్చుని రేవు పట్నంలో ఒక గది వెతికింది. మర్నాడు ఆ గది దగ్గర నీళ్లు ఎన్నింటికి వస్తాయో వెతికింది. ఆ మర్నాడు గొడుగు కొనే చోటు. వాడు కొండ వైపు చూడడం మానేశాడు, రేవు వైపే వెళ్లి వస్తున్నాడు. అంతే, ఆ రోజు నుంచి అది ఆమె మెడకు చుట్టుకుంది.

కంపెనీకి రాయలేదా అంటే, రాసింది. అయిదు గదులు దాటితే గానీ ఫిర్యాదు పెట్టె దొరకలేదు. అందులో అయిదువందల అక్షరాలకు మించి పట్టవు. ఎందరి కష్టాలనో ఒక్క పేజీలో ఇమిడ్చిన మనిషి, చెల్లెలి మణికట్టునూ వాడి నవ్వునూ అయిదువందల అక్షరాల్లో పెట్టింది. మర్నాడు జవాబొచ్చింది: "మీ భద్రతే మాకు అన్నిటికన్నా ముఖ్యం. ఈ జవాబు మీకు ఉపయోగపడిందా?" కింద రెండు బటన్లు. అవును అన్నది నీలం. ఆ రోజు ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు గానీ, మెట్ల మీద నడిచేవాళ్లు కూడా ఆగి విన్నారు.

గోడ మీది అట్టముక్క చింపేసింది. కొత్తది పెట్టింది: "నీలం కనబడితే ఆగండి. నన్ను అడగండి." వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతుంది. నేర్పినవాళ్లందరినీ వెతికి పట్టుకుని చెప్పాలని ఆమెకు ఉంది. కానీ ఎందరని? వాళ్లలో ఎవరి ఇంట్లో ఏ సొరుగులో ఏ ట్యాబ్ ఉందో ఎవరికి తెలుసు? పదకొండేళ్లు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా ఆమెకు అన్నం సహించదు.

అసలు చెల్లెలు పదిహేను రోజులకోసారి బటన్ల ఫోను నుంచి రెండు నిమిషాలు మాట్లాడుతుంది. బావున్నానక్కా, చెయ్యి నొప్పి లేదు, ఉంటాను. అంతే. ఆమె గది ఎలా ఉందో, కిటికీ ఉందో లేదో కూడా టైపక్కకు తెలియదు. రేవు పట్నంలో తాను కల్పించిన చెల్లెలి సంగతి మాత్రం అంతా తెలుసు. ఆమె వీధి తెలుసు, ఆమె ఎక్కే బస్సు తెలుసు, వానొస్తే కారే కప్పు తెలుసు. ఆ బ్రౌజర్ కూడా ఆ లేని మనిషికి రోజూ రేవు పట్నం గొడుగులూ మంచాలూ చూపిస్తుంది. ఉన్నా లేకపోయినా దానికేం, చూసే కళ్లుంటే చాలు.

మొన్న పొద్దున్న బ్రౌజర్ కొత్త రూపం తొడుక్కుని వచ్చింది. తెర వెనక యంత్రం మీద పెట్టె దిగింది: "మీ వివరాలు మీ అన్ని పరికరాల్లోనూ కొనసాగించమంటారా?" నీలం ఇదివరకటి కన్నా ఇంకా పెద్దది. బూడిదరంగు ఇంకా చిన్నది.

పెన్షను కోసం వచ్చిన ముసలామె తెర పక్కకు తీసి తొంగిచూసింది. టైపక్క చెయ్యి నీలం మీదికి వెళ్లడం ఆమె కంట పడింది.

"అదేంటమ్మా! మాకు వద్దు వద్దని నువ్వు నొక్కుతున్నావేంటి?"

"నా చెల్లెలు బతకాలి పెద్దమ్మా" అంది టైపక్క.

ముసలామెకు అర్థం కాలేదు. తెర వదిలేసి బల్ల మీద కూర్చుంది. టైపక్క నీలం నొక్కి, ఈ రోజుకు చెల్లెలికి జలుబు చేసిందనుకుని, "జలుబుకి ఏం చేయాలి" అని కొట్టింది. నాలుగు నిమిషాలకు ట్యాబ్ పేరు కింద "చివరిసారి వాడినది ఇప్పుడే" అని పడింది.